బుడమేరు పోస్టులను భద్రపరచడానికి ఆర్కైవ్‌వెబ్.పేజ్ ఎంతవరకు పనికొస్తుంది?

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట, వాంబే కాలనీ వాసులు డాబాల మీద నుంచి తీసిన వీడియోలూ, పడవ పంపమని పెట్టిన పోస్టులూ, తాగునీళ్లు అందలేదని రాసిన కామెంట్లూ ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, ఎక్స్, యూట్యూబుల్లో కుప్పలుగా వచ్చాయి. పెట్టినవాళ్లే తర్వాత తొలగించుకున్నవీ, ఖాతా మూసేయడంతో మాయమైనవీ, సెట్టింగు మారి బయటివాళ్లకు కనబడకుండా పోయినవీ వాటిలో ఉన్నాయి. మిగిలినవాటిని సేకరించి దాచే పని జీతం భత్యం లేని మనుషుల మీదే పడుతుంది: పౌరహక్కుల సంఘాలవారు, జర్నలిజం విద్యార్థులు, కాలనీ సంఘాల్లో కాస్త కంప్యూటరు తెలిసిన కుర్రాళ్లు. అలాంటి వారిని దృష్టిలో పెట్టుకుని, ఈ పనికి నేను ఎక్కువగా వాడే ఆర్కైవ్‌వెబ్.పేజ్ అనే ఉచిత బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. వెబ్ పేజీని ఉన్నది ఉన్నట్టు కాపీ తీయడంలో దీనికి సాటి వచ్చే ఉచిత పరికరం నేను చూడలేదు. అయితే ఇది కాపీ తీసేటప్పుడు, తెరిచిన పేజీలో ఉన్నదేదీ వదిలిపెట్టదు కనుక, బాధితుల వివరాలతోపాటు కాపీ తీసినవారి వివరాలు కూడా అందులోకి చేరిపోతాయి. ఈ రెండవ సంగతి తెలియకుండా దీన్ని వాడకూడదు.

దీన్ని తయారుచేసినది వెబ్‌రికార్డర్ అనే సంస్థ. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్ వంటి బ్రౌజర్లలో ఎక్స్‌టెన్షన్‌గా వేసుకోవచ్చు. విడిగా కంప్యూటరులో పెట్టుకునే అప్లికేషన్ కూడా ఉంది. డబ్బు కట్టనక్కరలేదు, ఖాతా తెరవనక్కరలేదు. పేజీ తెరిచి, పైన ఉన్న గుర్తు మీద నొక్కి, ఏ సంకలనంలో చేర్చాలో ఎంచుకుని, రికార్డింగు మొదలుపెట్టమంటే చాలు. వెంటనే బ్రౌజరు పైభాగాన ఈ ఎక్స్‌టెన్షన్ మీ బ్రౌజరును డీబగ్ చేస్తోందన్న హెచ్చరిక పట్టీ ఒకటి ప్రత్యక్షమవుతుంది. కొత్తవాళ్లు దాన్ని చూసి వైరస్ ఏదో వచ్చిందనుకుని రద్దు మీట నొక్కేస్తారు, నొక్కగానే రికార్డింగు ఆగిపోతుంది. బ్రౌజరుకూ ఇంటర్నెట్‌కూ మధ్య నడిచే సమాచారాన్నంతా పట్టుకోవడానికి ఈ పరికరం ఆ డీబగ్గింగ్ దారినే వాడుకుంటుంది కాబట్టి ఆ పట్టీ రావడం సహజమేనని శిక్షణలో మొట్టమొదటే చెప్పాలి.

స్క్రీన్‌షాటుకూ దీనికీ ఉన్న తేడా ఒక్క వరద పోస్టును తీసుకుంటే తెలిసిపోతుంది. ఆటో పైకప్పు దాకా నీళ్లు నిలిచిన ఒక వీధి వీడియో ఉందనుకోండి. వీడియోలో బోర్డు గానీ, గుడి గానీ, వీధి పేరు గానీ కనబడవు. కింద కామెంట్లలో ఒకరు ఇది డాబాకొట్ల సెంటరు దగ్గరి సందు అంటారు, మరొకరు కాదు, ఇంకా లోపలికి అంటారు, మూడో ఆయన తన ఇల్లు ఆ పచ్చ గోడ పక్కనేనని, అమ్మ మందులు అయిపోయాయని రాసి ఫోను నంబరు పెడతారు. చోటేదో తేల్చేది ఆ కామెంట్లే. స్క్రీన్‌షాటులో వాటిలో నాలుగైదు పడతాయి. వీడియో ఎటూ పడదు. ఆర్కైవ్‌వెబ్.పేజ్‌తో తీసిన కాపీలో వీడియో ఆడుతుంది, తెరిచిన కామెంట్లు తెరుచుకుంటాయి, నొక్కి పెద్దది చేసి చూసిన ఫొటో పెద్దదిగానే ఉంటుంది, చాలావరకు అసలు పేజీలో తిరిగినట్టే తిరగవచ్చు.

ఇక్కడ ఒక నియమం గుర్తుపెట్టుకోవాలి. మీరు తెరిచినదే కాపీలోకి వస్తుంది. మిగతా కామెంట్లు చూపించమన్న చోట నొక్కకపోతే ఆ కామెంట్లు దక్కవు. వీడియోను చివరిదాకా ఆడించకపోతే సగమే దక్కవచ్చు. ఈ శ్రమ తగ్గించడానికి ఆటోపైలట్ అనే సదుపాయం పెట్టారు. అది పేజీని తానే కిందికి జరుపుతూ, కొన్ని ప్రసిద్ధ సైట్లలో పోస్టులను ఒక్కొక్కటిగా తెరుస్తూ పోతుంది. మంచి సదుపాయమే గానీ, దాన్ని నమ్మి టీకి వెళ్లిపోవడం మంచిది కాదు. సామాజిక మాధ్యమాలు తమ పేజీల అమరికను తరచూ మారుస్తాయి, మార్చినప్పుడల్లా ఆటోపైలట్ ఎక్కడో ఒకచోట తడబడుతుంది. ఫొటోలు, వీడియోల వంటి పేజీ భాగాలు ఇంకా ఎన్ని అందవలసి ఉన్నాయో ఎక్స్‌టెన్షన్ గుర్తు మీద అంకె రూపంలో కనబడుతుంది. అది ఖాళీ అయ్యేదాకా ఆగి, కాపీని ఒకసారి తెరిచి చూసుకున్నాకే ఆ పోస్టు పని పూర్తయిందనుకోవాలి.

కాపీలో ఇంత వివరం ఎందుకని అడిగేవారికి మన ఊళ్లోనే జవాబు దొరుకుతుంది. వరద సాయం కింద గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000 రూపాయలు, పై అంతస్తుల వారికి 10,000 రూపాయలు అని ప్రభుత్వం ప్రకటించాక, నీళ్లు ఏ ఇంట్లో ఎంత ఎత్తు నిలిచాయన్నది డబ్బుతో ముడిపడిన ప్రశ్న అయింది. మొదటి రోజు సాయంకోసం పెట్టిన పోస్టుకు అప్పటిదాకా లేని విలువ వచ్చింది. ఎన్యూమరేషన్‌లో, అంటే నష్టం లెక్కింపులో, పేరు రాలేదన్న కుటుంబానికి తేదీతో, కామెంట్లతో సహా నిలిచిన పేజీ పనికొచ్చినట్టు, వాట్సాప్‌లో పదిచేతులు మారిన ఫొటో పనికిరాదు.

ఇప్పుడు అసలు జాగ్రత్త గురించి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పేజీలు చాలావరకు లాగిన్ అయితే తప్ప సరిగా కనబడవు. ఆర్కైవ్‌వెబ్.పేజ్ మీ బ్రౌజరులో మీరు చూస్తున్న పేజీనే కాపీ తీస్తుంది కాబట్టి లాగిన్ అడ్డంకి దానికి ఉండదు. దాని బలం అక్కడే ఉంది. కానీ ఆ పేజీలో పై మూల మీ ఫొటో ఉంటుంది, మీకు వచ్చిన నోటిఫికేషన్లు ఉంటాయి, మీ స్నేహితుల్లో ఎవరు ఆ పోస్టును మెచ్చుకున్నారో ఉంటుంది. కళ్లకు కనబడని లాగిన్ ఆనవాళ్లు కూడా ఫైలులో మిగలవచ్చు. ఈ పనికోసం విడిగా ఒక ఖాతా పెట్టుకోమని తయారీదారులే సలహా ఇస్తారు. వరద పోస్టుల విషయంలో ఇది మామూలు జాగ్రత్తలా కనిపించవచ్చు. పోలీసు కస్టడీలో దెబ్బలు తిన్న మనిషి వీడియోనో, కులం పేరుతో జరిగిన దాడి వీడియోనో దాచేటప్పుడు, ఆ ఫైలు చేతులు మారితే దాచిన కార్యకర్త ఎవరో, ఏ ఊరివాడో, ఎవరి స్నేహితుడో అందులోనే తెలిసిపోతుంది.

బాధితుల సంగతి ఇంతకంటే సున్నితమైనది. ప్రాణాపాయంలో ఉండి ఫోను నంబరు, ఇంటి గుర్తులు, జబ్బు వివరాలు రాసిన మనిషి ఆ పూట పడవ వస్తుందని రాశాడే గానీ, అవి ఎప్పటికీ అందరికీ కనబడాలని రాయలేదు. లైంగిక నేరాల బాధితుల గుర్తింపును బయటపెట్టడాన్ని భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. బాలలకు పోక్సో చట్టం కింద విడిగా రక్షణ ఉంది. కాబట్టి దాచడం, ప్రచురించడం అనే రెండు నిర్ణయాలూ విడివిడిగా జరగాలి. ఆర్కైవ్‌వెబ్.పేజ్‌లో అలా విడదీయడం కుదురుతుంది. కాపీ మీ కంప్యూటరులోనే ఉంటుంది, మీరు పంపితే తప్ప ఎక్కడికీ పోదు. దాన్ని తెరిచి చూపించే రీప్లేవెబ్.పేజ్ అనే జతసైటు కూడా ఫైలును తన సర్వరుకు ఎక్కించుకోదు. చదవడమంతా మీ బ్రౌజరులోనే జరుగుతుంది.

చాలామందికి తెలిసిన వేబ్యాక్ మెషీన్‌తో దీన్ని పోల్చవలసింది ఈ విషయంలోనే. వేబ్యాక్ మెషీన్‌ను నడిపే ఇంటర్నెట్ ఆర్కైవ్ సంస్థ 1996లో మొదలైంది, పాత వెబ్ పేజీల కాపీలు చూపించే ఈ సేవ 2001లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. అందులోని సేవ్ పేజ్ నౌ అనే పెట్టెలో లింకు వేస్తే పేజీ కాపీ వాళ్ల దగ్గర చేరుతుంది. దాని పెద్ద గుణం, కాపీ మన చేతిలో ఉండదు కాబట్టి మనం దిద్దామని ఎవరూ అనలేరు. కలెక్టరు కార్యాలయం ప్రకటన, ప్రకాశం బ్యారేజీ నీటి విడుదల లెక్కలు, వార్తాపత్రిక కథనం, సాయం జాబితా మార్గదర్శకాలు వంటివాటికి నేను నిస్సంకోచంగా దాన్నే సిఫారసు చేస్తాను. బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలిన నాటి అధికారిక పేజీని మూడో మనిషి దగ్గర భద్రపరచడమే మేలు. కానీ లాగిన్ అడిగే పోస్టుల దగ్గర అది చేతులెత్తేస్తుంది, పైగా అక్కడ చేరినది లోకమంతటికీ కనిపిస్తుంది. ఫోను నంబర్లున్న కామెంట్లను అక్కడికి పంపకూడదు.

వేబ్యాక్ లింకులో ఉండే 14 అంకెల గురించి ఒక మాట, ఎందుకంటే ఇది మన ప్రాంతంవారిని నిజంగానే ఇబ్బంది పెడుతుంది. అవి సంవత్సరం, నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. సమయం మాత్రం అంతర్జాతీయ ప్రమాణ కాలంలో ఉంటుంది, మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. సెప్టెంబరు 1 తెల్లవారి నాలుగున్నరకు దాచిన పేజీ మీద ఆగస్టు 31 రాత్రి 11 గంటలు అని పడుతుంది. హెచ్చరిక ముందు వచ్చిందా, నీళ్లు ముందు వచ్చాయా అని వాదన జరిగే చోట ఈ తేడా తెలియకపోతే తేదీయే తారుమారవుతుంది.

పరాయి సర్వరు మీదే పూర్తిగా ఆధారపడరాదన్నదానికి కూడా నిదర్శనాలున్నాయి. వరద వచ్చిన మరుసటి నెల, 2024 అక్టోబరులో, ఇంటర్నెట్ ఆర్కైవ్ మీద సైబరు దాడి జరిగి సుమారు 3.1 కోట్ల ఖాతాల వివరాలు బయటపడ్డాయి, సేవలు కొన్ని రోజులు నిలిచిపోయాయి. అంతకుముందు 2017 ఆగస్టులో సినిమా పైరసీ వ్యాజ్యంలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వు కారణంగా ఆ సైటు మన దేశంలో కొంతకాలం తెరుచుకోలేదు. చిత్రమేమంటే అదే నెలలో, సామాజిక మాధ్యమాల్లో వచ్చిన వీడియోలను ఆధారంగా తీసుకుని అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు లిబియాకు చెందిన ఒక కమాండరు మీద అరెస్టు వారంటు జారీచేసింది. ఆ రోజుల్లోనే యూట్యూబ్ కొత్తగా పెట్టిన యాంత్రిక తనిఖీ సిరియా యుద్ధాన్ని నమోదు చేస్తున్న చానెళ్లను తీవ్రవాద ప్రచారమనుకుని తొలగించింది. 2014 నుంచి పనిచేస్తున్న సిరియన్ ఆర్కైవ్ లాంటి బృందాలు సొంత కాపీలు దాచుకోవడంలోని అవసరం ఆ తొలగింపుతో ప్రపంచానికి తెలిసివచ్చింది.

ఫైలు సంగతికి వస్తే, ఆర్కైవ్‌వెబ్.పేజ్ నుంచి రెండు రూపాల్లో దించుకోవచ్చు. ఒకటి వార్క్, వెబ్ భాండాగారాల కోసం ఐఎస్ఓ 28500 సంఖ్యతో ప్రమాణీకరించిన రూపం. జాతీయ గ్రంథాలయాలు వాడేది ఇదే. రెండవది డబ్ల్యూఏసీజెడ్, అంటే ఆ వార్క్‌నే పేజీల జాబితా, సూచిక, లోపలి ఫైళ్ల షా-256 హ్యాష్ విలువలతో కలిపి కట్టిన జిప్ మూట. హ్యాష్ విలువ అంటే ఫైలుకు వేలిముద్రలాంటి సంఖ్య, ఫైలులో ఒక్క అక్షరం మారినా అది మారిపోతుంది. ప్రమాణం గురించి ఇంత చెప్పడం చాదస్తంగా తోచవచ్చు. అయితే మన దగ్గర కేసులు ఎంతకాలం నడుస్తాయో గుంటూరు జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు. అప్పటి ఈ జిల్లాలోని చుండూరులో 1991 ఆగస్టు 6న 8 మంది దళితులను చంపిన కేసులో, ఊళ్లోనే ఏర్పాటైన ప్రత్యేక కోర్టు తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టివేసింది. ఆ ఘటనను నమోదు చేసినవి నిజనిర్ధారణ కమిటీల కాగితాలు, ఫొటోలు. అవి ఇప్పటికీ చదవగలం. ఈనాడు దాచిన ఫైలు కూడా రెండు, మూడు దశాబ్దాల తర్వాత, దాన్ని తయారుచేసిన సంస్థ ఉన్నా లేకపోయినా, తెరుచుకోవాలి. బహిరంగ ప్రమాణంలో ఉన్న ఫైలుకు ఆ అవకాశం ఎక్కువ.

హ్యాష్ విలువ విషయంలో చట్టం కూడా ఇప్పుడు స్పష్టంగా ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో సమర్పించే సర్టిఫికెట్లో రెండు భాగాలుంటాయి. మొదటిది రికార్డు సమర్పించేవారు, రెండవది నిపుణుడు నింపాలి, రెండింటిలోనూ హ్యాష్ విలువ, దాన్ని లెక్కించిన పద్ధతి రాయాలి. డబ్ల్యూఏసీజెడ్ లోపలి ఫైళ్లకు హ్యాష్ ఉన్నా, మొత్తం మూటకు మీరు మళ్లీ లెక్కించి రాసిపెట్టుకోవాలి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశంతో ఆ పని జరిగిపోతుంది. ఫైలును దించుకున్న రోజే రాయాలి. ఆరు నెలల తర్వాత లెక్కించిన హ్యాష్, ఆ ఆరు నెలల్లో ఫైలును ఎవరూ ముట్టుకోలేదని చెప్పలేదు.

ఈ పరికరంలో నాకు అసంతృప్తి కలిగించేది వివరణ రాసుకునే సదుపాయం లేకపోవడం. జాబితాలో కొన్ని పేజీలు ఉత్త ఫేస్‌బుక్ అన్న పేరుతోనే కనిపిస్తాయి. ఏ కాలనీ, ఏ తేదీ, ఎవరు దాచారు, పెట్టినవారిని సంప్రదించామా, వారు ఏమన్నారు అన్నవాటికి విడిగా ఒక రిజిస్టరు నడపక తప్పదు. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయమూ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమూ కలిసి 2020లో వెలువరించిన, ఆన్‌లైన్ ఆధారాల సేకరణకు మార్గదర్శకమైన బర్క్‌లీ ప్రోటోకాల్ కూడా సేకరణలో లింకు, సమయం, సేకరించినవారు, హ్యాష్ వంటివి నమోదు కావాలంటుంది. మంచి రిజిస్టరు ఉన్న సాధారణ కాపీలు, రిజిస్టరు లేని గొప్ప కాపీలకంటే ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం. ఎక్సెల్ షీటు చాలు. తెలుగులోనే రాయండి, డాబాకొట్ల సెంటరు అని రాస్తే ఊరివాళ్లకు అర్థమైనంతగా అక్షాంశ రేఖాంశాలు అర్థం కావు, అవి కూడా పక్కన ఉంటే ఇంకా మంచిది.

రెండవ లోపం, రికార్డు చేసినదంతా మొదట బ్రౌజరు సొంత నిల్వలోనే ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే అది కూడా పోతుంది. అక్కడే వదిలేసి భద్రంగా ఉందనుకోవడం, ధాన్యం కళ్లంలోనే ఉంచి గాదెకు తాళం వేసుకున్నట్టు ఉంటుంది. ఏ రోజుది ఆ రోజు దించుకుని రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో, వీలైతే ఒకటి విజయవాడలో, ఒకటి గుంటూరులో పెట్టుకోవాలి. వరద గురించి దాచిన డిస్కులు రెండూ బుడమేరు పక్క కాలనీలోనే ఉండటంలో అర్థం లేదు.

మూడవది, ఇది ఫోనులో పనిచేయదు. మన వలంటీర్లలో ఎక్కువమందికి ఉన్నది ఫోనే. మెనూలు కూడా తెలుగులో లేవు. కాబట్టి లింకులు పంపేవారు పదిమంది ఉన్నా, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని దాచే పని ఇద్దరు ముగ్గురి మీద పడుతుంది. అదేమంత చెడ్డ ఏర్పాటు కాదు, పని పంపకం మాత్రం ముందే తేల్చుకోవాలి.

వాట్సాప్ గ్రూపుల విషయంలో ఇది పనికిరాదు; మన దగ్గర విపత్తు వార్త ముందు తిరిగేదేమో అక్కడే. దానికి వాట్సాప్‌లోనే ఉన్న ఎక్స్‌పోర్ట్ చాట్ సదుపాయంతో సందేశాలను, ఫొటోలను కలిపి దించుకోవాలి. వీడియో తీసిన మనిషే దొరికితే, దాన్ని మామూలుగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని అడగాలి. మామూలుగా పంపిన వీడియోను వాట్సాప్ కుదించి, లోపలి వివరాలను తీసేస్తుంది. ఇకముందు జరిగేవాటిని తామే చిత్రీకరించదలచినవారికి, ఇంటర్నేషనల్ బార్ అసోసియేషన్ 2015లో తెచ్చిన ఐవిట్‌నెస్ టు అట్రాసిటీస్ అనే యాప్ వేరే ఉంది. అది తీసే సమయంలోనే చోటును, కాలాన్ని, హ్యాష్‌ను నమోదు చేస్తుంది.

పెద్దయెత్తున, వందల లింకులు దాచవలసి వస్తే ఒక్కొక్క పేజీ తెరుచుకుంటూ కూర్చోవడం కుదరదు. 2022లో ఉక్రెయిన్ మ్యూజియంల, గ్రంథాలయాల సైట్లను కాపాడిన వెయ్యికి పైగా వలంటీర్లు వాడినది ఇదే వెబ్‌రికార్డర్ కుటుంబంలోని బ్రౌజర్‌ట్రిక్స్ క్రాలర్. సైటు మొత్తాన్ని తానే తిరిగి దాచుకుంటుంది. బెల్లింగ్‌క్యాట్ అనే పరిశోధక జర్నలిస్టుల బృందం వారి ఆటో ఆర్కైవర్ అయితే గూగుల్ షీటులో లింకులు వేస్తూ పోతే వాటిని దాచి, హ్యాష్‌తో సహా అదే షీటులో రాసిపెడుతుంది. రెండింటికీ బృందంలో కమాండ్ లైను, అంటే ఆదేశాలు టైపు చేసి ప్రోగ్రాములు నడపడం, తెలిసిన మనిషి ఒకరుండాలి. ఇంజినీరింగు కాలేజీలు ఇన్ని ఉన్న విజయవాడ, గుంటూరుల్లో ఆ మనిషి దొరకడం కష్టం కాకూడదు. అలాంటివారు దొరికేవరకు, చేతిలో ఒక ల్యాప్‌టాపు, రెండు డిస్కులు, ఒక రిజిస్టరు ఉన్న బృందానికి నేను ఆర్కైవ్‌వెబ్.పేజ్‌నే సూచిస్తాను: ప్రభుత్వ, పత్రికల పేజీలకు సేవ్ పేజ్ నౌ, మనుషుల పోస్టులకు ఇది.